స్టీలు గిన్నె మీద గాజు వంచాలంటే: మోల్డు సిద్ధం చేసే పద్ధతి

గాజు పలక మోల్డుకు (మెత్తబడ్డ గాజుకు ఆకారమిచ్చే అచ్చుకు) అతుక్కుపోయినా, చల్లారాక మూత తీస్తే రెండు ముక్కలై కనిపించినా మనం ముందు తిట్టేది బట్టీని. లేకపోతే కరెంటుని. నిజానికి చాలాసార్లు తేడా మోల్డు దగ్గరే జరిగి ఉంటుంది. మట్టి మోల్డుతో పని నేర్చుకున్నవాళ్ళు అదే అలవాటుతో స్టీలు గిన్నెకు కూడా చల్లగా ఉండగానే గాజు అంటుకోకుండా వేసే పూత పూసి, ఎండలో ఆరబెట్టి, గాజు పెట్టేస్తారు. స్టీలు నీళ్ళు పీల్చదు కాబట్టి పూత దాన్ని పట్టుకోదు. పైగా చల్లారేటప్పుడు అది గాజు కంటే దాదాపు రెండింతలు కుంచించుకుంటుంది. ఈ రెండూ మనసులో పెట్టుకుంటే కింద చెప్పే ప్రతి పనీ ఎందుకో మీకే తెలిసిపోతుంది.

దక్షిణ ఒడిశాలో జయపురం, కోరాపుట్, రాయగడ, పర్లాకిమిడి, బరంపురం వైపు ఇంట్లోనో షెడ్డులోనో చిన్న ఎలక్ట్రిక్ బట్టీ పెట్టుకుని, కిటికీ అద్దాల కొట్టులో మిగిలిన గాజుతో పళ్ళేలు, గిన్నెలు చేద్దామనుకునే మనవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. తయారు మోల్డులు తెప్పించుకోవాలంటే ధర, రవాణా రెండూ భారమే. స్టీలు సామాన్ల కొట్టు మాత్రం ప్రతి ఊళ్ళోనూ ఉంది.

1. గాజు మోల్డు మీద వాలాలా, లోపలికి దిగాలా?

కొట్టుకు వెళ్ళే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. గిన్నెను బోర్లించి, దాని మీద గాజు పలక పెట్టి వేడి చేస్తే పలక అంచులు కిందికి వాలతాయి. గిన్నెను వెల్లకిలా పెట్టి పైన గాజు ఉంచితే పలక నడుమ లోపలికి దిగుతుంది. చూడటానికి రెండూ ఒకటే అనిపిస్తాయి. చల్లారేటప్పుడు మాత్రం పూర్తిగా వేరు.

లెక్క వేసి చూడండి. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు, 20 సెంటీమీటర్ల వెడల్పు. గాజు గట్టిపడ్డాక సుమారు 500 డిగ్రీల నుంచి గది వేడికి వచ్చేసరికి ఆ స్టీలు దాదాపు 1.7 మిల్లీమీటర్లు కుంచించుకుంటుంది. అంతే వెడల్పున్న మామూలు కిటికీ గాజు 0.8 నుంచి 0.9 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. గాజు మోల్డు బయట ఉంటే స్టీలు లోపలికి జారుకుని దాన్ని తనంతట తానే వదిలేస్తుంది. గాజు లోపల ఉంటే స్టీలు చుట్టూ బిగుసుకుంటుంది. దాదాపు మిల్లీమీటరు మేర నొక్కితే గాజు ఓర్చుకోదు.

అందుకే బోర్లించిన స్టీలు, వెల్లకిలా మట్టి. బాగా వాలుగా ఉన్న లోతు తక్కువ స్టీలు పళ్ళెంలో అయితే గాజు పైకి జరిగి తప్పించుకోగలదు, కాబట్టి అది ఫర్వాలేదు. నిలువు గోడలున్న లోతైన గిన్నెలోకి దించాలంటే మాత్రం స్టీలు జోలికి వెళ్ళకండి. సంతలో కుమ్మరి అమ్మే, లోపల మెరుగు పూయని మట్టి మూకుడు తెచ్చుకోండి. మట్టి గాజు కంటే తక్కువ కుంచించుకుంటుంది కనుక అక్కడ గాజే దాని గోడను వదిలి ఇవతలికి వస్తుంది.

2. ఏ లోహం

ముందు పనికిరానివి. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, మనం వెళ్ళేది 700 పైకి. జీఐ (జింకు పూసిన ఇనుము) రేకు, జీఐ బకెట్టు, జీఐ బోల్టు ఏవీ బట్టీలోకి పోకూడదు. వాటి మీది జింకు 420 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, ఇంకా వేడెక్కితే పొగై లేస్తుంది. ఆ పొగ పీలిస్తే జ్వరం, వణుకు, ఒళ్ళునొప్పులు. వెల్డింగ్ షాపుల్లో పనిచేసేవాళ్ళను అడిగితే చెబుతారు. ఇత్తడిలోనూ జింకు ఉంది. ఛత్తీస్‌గఢ్‌లోని కొండగావ్ నుంచి వచ్చే డోక్రా (ఇత్తడి పోత) బొమ్మలు చూసి, అంత అందంగా పోత పోసేవాళ్ళ చేత ఇత్తడి మోల్డు చేయిద్దామని కొందరికి అనిపిస్తుంది. డోక్రా గొప్ప పనే, కానీ ఈ పనికి ఆ లోహం కాదు. నాన్‌స్టిక్ పూత ఉన్నవి, ప్లాస్టిక్ పిడి ఉన్నవి, అడుగున రాగి గానీ అల్యూమినియం గానీ అతికించినవి కూడా వద్దు.

మామూలు ఇనుముతో అంత ప్రమాదం లేదు గానీ చికాకు ఎక్కువ. ఎర్రబడేంత వేడికి పొలుసులు లేస్తాయి, ఆ పొలుసుతో పాటు మీ పూతా ఊడుతుంది, నల్ల చుక్కలు గాజుకు అంటుకుంటాయి. గోపాల్‌పూర్ వైపు సముద్రపు గాలికైనా, కోరాపుట్ కొండల మీది వానాకాలపు తేమకైనా రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది.

మిగిలింది స్టెయిన్‌లెస్. అందులో 304 మంచిది. దాదాపు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. వేడికి దాని మీద ఏర్పడే సన్నటి క్రోమియం ఆక్సైడ్ పొరే దాన్ని పొలుసు లేవకుండా కాపాడుతుంది. చవక సామాన్లలో 202 రకం బాగా తిరుగుతోంది, అందులో నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు. 202ను పూర్తిగా కొట్టిపారేయను గానీ, 304 దొరికితే అదే కొనండి. అయస్కాంతంతో ఈ రెండిటినీ వేరు చేయలేం, రెండిటికీ అది గట్టిగా అంటుకోదు. కబాడి (పాత సామాన్ల) కొట్టువాళ్ళ దగ్గర చిన్న సీసాలో టెస్ట్ లిక్విడ్ ఉంటుంది, చుక్క వేసి చెప్పేస్తారు. అయస్కాంతం టక్కున పట్టుకుంటే అది 430 లాంటి నికెల్ లేని రకం కావచ్చు. దాని వ్యాకోచం 304 కంటే బాగా తక్కువ, గాజుకు దగ్గరగా ఉంటుంది. బోర్లించి వాడటానికి అదీ పనికొస్తుంది, కాకపోతే 304 అంత సులువుగా గాజును వదలదు.

రేకు మందం ఒక మిల్లీమీటరు పైన ఉండాలి. పల్చటి పళ్ళెం మొదటి వేడికే మెలి తిరుగుతుంది. మన ఇళ్ళలో పెళ్ళి సామాన్ల మీద పేరు చెక్కించే అలవాటుంది కదా, అలాంటి గిన్నె మోల్డుకు తీసుకోకండి. కంపెనీ ముద్ర ఉన్నదీ అంతే. గాజు మెత్తబడినప్పుడు ఆ చుక్కల అచ్చు పడవచ్చు. మీ అత్తగారి పేరు మీ మొదటి గాజు పళ్ళెం లోపల తిరగబడి కనిపిస్తే బాగుండదు.

3. పిండి పరీక్ష

కొట్టులోనే చూడాల్సింది ఇంకోటి ఉంది: గిన్నె అంచు. మన స్టీలు గిన్నెలకు అంచు బయటికి చుట్టి ఉంటుంది. బోర్లిస్తే ఆ చుట్ట అడుగున ఉంటుంది. గాజు అక్కడిదాకా వాలి దాని కిందికి మడత పడితే ఇక విడదీయలేం, పగలగొట్టాల్సిందే. గోడలు నిలువుగా ఉన్న గ్లాసులతో, నడుము సన్నబడ్డ చెంబులతోనూ ఇదే గొడవ. గోడకు కనీసం 5 డిగ్రీల వాలు ఉండాలి.

అనుమానంగా ఉంటే ఇంటికి తెచ్చాక చపాతీ పిండి కాస్త గట్టిగా కలిపి, గాజు ఎంతవరకు వాలుతుందనుకుంటున్నారో అంతవరకు గిన్నె మీద పరిచి నొక్కండి. ఒక గంట ఆగి తిన్నగా పైకి ఎత్తండి. ఎక్కడా సాగకుండా, చిరగకుండా వస్తే గాజూ వస్తుంది. పట్టుకుంటే ఆ పట్టుకున్న చోటు గ్రైండర్‌తో తీసేయించాలి, లేదా గాజు అక్కడిదాకా రాకుండా చిన్నగా కోయాలి. గాజు ఎంత వెడల్పు కోయాలో తెలియడానికి గిన్నె మీదుగా ఒక అంచు నుంచి రెండో అంచు దాకా దారం వేసి కొలవండి. స్కేలు పెట్టి అడ్డంగా కొలిస్తే తక్కువొస్తుంది.

4. తోమడం, రంధ్రం, గరుకు చేయడం

స్టిక్కరు జిగురును కిరోసిన్‌తో తుడిచి, సబ్బుతో రెండుసార్లు తోమండి. కొత్త సామాను మీద పాలిష్ మైనం ఉంటుంది, కంటికి కనపడదు.

లోపలికి దించే పళ్ళెమైతే అడుగున, అన్నిటికంటే లోతైన చోట, ఒకటిన్నర నుంచి 2 మిల్లీమీటర్ల రంధ్రం తప్పనిసరి. లేకపోతే గాజు కింద గాలి చిక్కుకుని బుడగ పొంగుతుంది. బోర్లించేదానికి, పైభాగం గుండ్రంగా ఉంటే అక్కర్లేదు. అడుగు చదునుగానో, కాస్త లోపలికి గుంటపడో ఉంటే, బోర్లించినప్పుడు ఆ గుంటలో గాలి నిలుస్తుంది, కాబట్టి అక్కడా ఒకటి వేయండి. స్టెయిన్‌లెస్‌ను మామూలు బిట్టుతో వేగంగా తొలిస్తే స్టీలు గట్టిపడి బిట్టే అరిగిపోతుంది. పంచ్‌తో చిన్న గాటు పెట్టి, కోబాల్ట్ బిట్టుతో, నిదానంగా, నూనె చుక్కలు వేస్తూ తొలవండి. తర్వాత అంచు ముళ్ళు ఎమరీతో తీసేయండి.

ఇక గరుకు. అద్దంలా మెరిసే స్టీలు మీద ఏ పూతా నిలవదు. అన్నిటికంటే మంచిది శాండ్ బ్లాస్టింగ్, అంటే గాలి ఒత్తిడితో ఇసుక కొట్టడం. తలుపుల అద్దాల మీద పూల డిజైన్లు కొట్టే గాజు కొట్లలో ఆ మిషన్ ఉంటుంది. గిన్నె బయటంతా ఒకే తీరుగా బూడిద రంగు వచ్చేదాకా కొట్టమనండి. వాళ్ళకు కొన్ని నిమిషాల పని. బరంపురంలో సులువుగా దొరుకుతుంది, లోపలి ఊళ్ళలో కష్టం. దొరకకపోతే 80 నంబరు ఎమరీ పేపరు తీసుకుని ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా రుద్దండి. మెరుపు ఎక్కడా మిగలకూడదు. చెయ్యి నొప్పెడుతుంది, మరో దారి లేదు. మాస్కు పెట్టుకోండి.

ఇక్కడి నుంచి మోల్డును వట్టి చేత్తో ముట్టుకోకండి. వేలి నూనె అంటిన చోట పూత పట్టదు.

5. ఖాళీగా ఒకసారి కాల్చడం

గాజు లేకుండా మోల్డును మాత్రమే 720, 730 డిగ్రీల దాకా తీసుకెళ్ళి, పది నిమిషాలు ఉంచి చల్లార్చండి. మిగిలిన జిడ్డు పోతుంది. స్టీలు పసుపు, నీలం దాటి మసక బూడిద రంగుకు వస్తుంది, ఆ పొర పూతకు పట్టు ఇస్తుంది. మెలి తిరిగే రకమైతే ఆ సంగతి ఇప్పుడే బయటపడుతుంది. చదును బండ మీద బోర్లించి చూడండి, ఊగితే పక్కన పెట్టేయండి.

6. పూత కలపడం

గాజు అంటుకోకుండా మోల్డుకు వేసే పూతను కిల్న్ వాష్ అని ప్యాకెట్లలో అమ్ముతారు. అందులో ఉండేవి ప్రధానంగా రెండు: అల్యూమినా హైడ్రేట్, చైనా క్లే. అల్యూమినా గాజుకు అంటుకోదు, చైనా క్లే దాన్ని మోల్డుకు పట్టి ఉంచుతుంది. సమాన బరువులో కలిపితే చాలు, ఇంట్లోనే తయారవుతుంది.

కోరాపుట్ జిల్లావాళ్ళకు ఇది నవ్వొచ్చే సంగతి. పంచపట్‌మాలి కొండ మీద బాక్సైటు తవ్వి, దామన్‌జోడి నాల్కో రిఫైనరీలో దాన్ని ముందు అల్యూమినా హైడ్రేట్‌గా మార్చి, ఆపైన కాల్చి అల్యూమినా చేస్తారు. అందులో కొంత రైలెక్కి విశాఖ పోర్టు మీదుగా దేశాలు దాటుతుంది. అదే పదార్థం చిన్న ప్యాకెట్టులో, మంచి లేబులుతో, కొరియర్‌లో తిరిగి మన కొండెక్కి వస్తుంది. కిలో రెండు కిలోలు కావాల్సినవాళ్ళు సిరామిక్ ముడి సరుకులు అమ్మే డీలర్ల దగ్గర విడిగా కొనుక్కోవడం చవక. 200 మెష్ (పొడి మెత్తదనం కొలత) గానీ అంతకంటే మెత్తటిది గానీ అడగండి. కాల్చిన అల్యూమినా కాదు, హైడ్రేట్ అని గట్టిగా చెప్పండి.

వంద గ్రాములు ఇది, వంద గ్రాములు అది, అర లీటరు నీళ్ళు. పొడిని నీళ్ళలో వేయాలి, నీళ్ళను పొడిలో పోయకండి, దుమ్ము లేస్తుంది. ఈ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఎన్95 మాస్కు వేసుకోండి. రాత్రంతా నాననిచ్చి, పొద్దున పల్చటి నూలు గుడ్డలో వడకట్టండి. చెంచా ముంచి తీస్తే వెనకవైపు తెల్లటి పల్చటి పొర మిగలాలి, చెంచా మెరుపు అందులోంచి లీలగా కనపడాలి. అల్యూమినా అడుగుకు చేరుతూనే ఉంటుంది, కాబట్టి కుంచె ముంచిన ప్రతిసారీ అడుగు నుంచి కలపాలి. బద్ధకించి పై తేట పూస్తే మోల్డు మీద ఉండేది మట్టి మాత్రమే.

7. వేడి మీద పూయడం

ఇదే అసలు పని, తొందర పనికిరాదు.

మోల్డును బట్టీలో 200 నుంచి 250 డిగ్రీలకు తీసుకెళ్ళి పావుగంట ఉంచండి. చెయ్యి లోపల పెట్టే ముందు గోడ మీది ఎంసీబీ ఆపేయండి. కంట్రోలరు ఆపితే చాలదు, కాయిల్‌కు కరెంటు ఉండే అవకాశం ఉంది. వెల్డర్లు వేసుకునే తోలు గ్లౌజులు, ఒంటి మీద నూలు బట్టలు. సింథటిక్ చీర చెంగు, నైలాన్ చున్నీ బట్టీ దగ్గరికి రాకూడదు. మోల్డును బయటికి తీసి రెండు ఇటుకల మీద పెట్టండి. బట్టీ లోపలే పూస్తే నీళ్ళు కాయిల్ మీద పడతాయి.

బయటికి తీశాక వేడి సరిపోయిందో లేదో చూడటం దోసె పెనం మీద నీళ్ళు చిలకరించి చూసే లెక్కే. చుక్క పడగానే చుయ్యిమని అక్కడే ఇగిరిపోతే సరి. గుండ్రటి పూసలై అటూ ఇటూ పరిగెడితే వేడెక్కువ, ఒక్క నిమిషం ఆగండి. కిందికి జారితే తక్కువ, మళ్ళీ లోపల పెట్టండి.

కుంచె మెత్తగా, వెడల్పుగా, సహజమైన వెంట్రుకతో ఉండాలి. నైలాన్ కుంచె ఆ వేడికి కరిగి అంటుకుంటుంది. స్ప్రే సీసా ఉంటే ఇంకా మంచిది, మంచు తుంపరలా పడాలి. మొదటి పూత చూసి కంగారు పడకండి, అతుకులు అతుకులుగా, అసహ్యంగా ఉంటుంది. దాని పని రెండో పూతకు ఆధారం ఇవ్వడమే. రెండోది అడ్డంగా, మూడోది ఏటవాలుగా. చుయ్యిమనే చప్పుడు తగ్గిందంటే మోల్డు చల్లబడింది, మళ్ళీ బట్టీలోకి. ఇలా నాలుగైదు పల్చటి పూతలు పడితే స్టీలు రంగు ఎక్కడా కనపడదు. ఒకేసారి మందంగా పూద్దామనుకుంటే కింది నీరు ఆవిరై పై పొరను పెచ్చులుగా లేపేస్తుంది. పెచ్చు లేస్తే దాని మీద మెత్తడం దండగ, ఆ చోటు గీకేసి మళ్ళీ మొదలుపెట్టాలి.

రంధ్రం మూసుకుపోయి ఉంటుంది, సన్నటి తీగతో పొడవండి. చల్లారాక కుంచె గీతలు కనిపిస్తే పాత నైలాన్ మేజోడు ముక్కతో తేలిగ్గా రుద్ది నునుపు చేయండి, మాస్కుతోనే. ఆఖరుగా 260 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి తేమ పోగొట్టండి. జూలై, ఆగస్టుల్లో పూసి పక్కన పెట్టిన మోల్డు మళ్ళీ తేమ పట్టుకుంటుంది, కాబట్టి గాజు పెట్టే రోజే ఈ ఆరబెట్టడం చేయాలి.

బోరాన్ నైట్రైడ్ స్ప్రే అని ఒకటుంది. చల్లటి మోల్డు మీదే కొట్టొచ్చు, గాజు లోపలివైపు బాగా నున్నగా వస్తుంది. ధర చూస్తే గుండె ఆగుతుంది. అమ్మకానికి చేసే నాణ్యమైన పళ్ళేలకు సరే, నేర్చుకునే రోజుల్లో అక్కర్లేదు.

8. గాజు పెట్టి వేడి చేయడం

మోల్డు కింద పావు నుంచి ఒక అంగుళం ఎత్తు పింగాణీ దిమ్మలు మూడు పెట్టండి, వేడి గాలి అడుగునా తిరగాలి. గాజును స్పిరిట్‌తో తుడిచి, సరిగ్గా నడుమ ఉంచి, స్పిరిట్ లెవెల్‌తో సమంగా ఉందో లేదో చూడండి. కొంచెం ఒరిగినా ఒక అంచు ముందు జారుతుంది. టఫెన్డ్ (వేడి చేసి గట్టిపరిచిన) గాజు కోతకే రాదు, వెనక రంగు పూసిన అద్దం ముక్కలు వద్దు.

4 మిల్లీమీటర్ల కిటికీ గాజుకు నేను పెట్టుకునే లెక్క: గంటకు 120 డిగ్రీల చొప్పున 560 వరకు. నడుమ స్టీలు ఆనుకుని ఉంటుంది, అంచులు గాలిలో ఉంటాయి. రెండూ ఒకే వేగంతో వేడెక్కవు, అందుకే ఈ నిదానం. అక్కడి నుంచి గంటకు 200 చొప్పున 710, 720 దాకా. ఆ దగ్గర్లో షేడ్ 3 (వెల్డింగ్ పనికి వాడే ముదురు రంగు) కళ్ళద్దాలు పెట్టుకుని చూసే రంధ్రంలోంచి గమనిస్తూ ఉండండి. మీ బట్టీ మీటరు, నా బట్టీ మీటరు ఒకే మాట చెప్పవు, కాబట్టి నమ్మాల్సింది కంటినే. అంచులు మోల్డుకు తగలగానే ఆపేయండి. ఇంకా ఉంచితే అంచులు మడతలు పడతాయి, పూత గరుకు గాజు మీద దిగుతుంది.

తర్వాత 550కి దించి ముప్పావుగంట నుంచి గంట ఆపండి. అక్కడి నుంచి గంటకు 60 చొప్పున 400 వరకు, ఆపైన గంటకు 100 చొప్పున 300 వరకు, తర్వాత బట్టీ తనంతట తాను చల్లారాలి. వేలు పెట్టగలిగేంత చల్లబడేదాకా మూత తెరవకండి.

మధ్యలో కరెంటు పోతే కంగారుగా మూత తీసి చూడటమే అసలు నష్టం. మూసి ఉంచితే బట్టీ గోడల వేడే గాజును కొంత కాపాడుతుంది. వేసవి సాయంత్రాలు గాలివానలకు మన వైపు తీగలు తెగడం మామూలే, అందుకే రాత్రి పూట వెలిగిస్తాను. 2013 అక్టోబరులో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్, 2018 అక్టోబరులో పలాస వైపు నుంచి గజపతి జిల్లా మీద పడ్డ తిత్లీ చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, తుపాను హెచ్చరిక ఉన్న వారంలో బట్టీ జోలికి వెళ్ళకూడదు.

9. మళ్ళీ వాడే ముందు

గాజు తీశాక మోల్డు మీద పూత అక్కడక్కడా పెచ్చులు లేచి ఉంటుంది. మట్టి మోల్డు మీద ఒకే పూతతో చాలాసార్లు కాల్చొచ్చు గానీ స్టీలు ప్రతిసారీ సాగి కుంచించుకుంటుంది కనుక పూత దానితో పాటు కదలలేదు. రూపాయి బిళ్ళంత చోట్లు రెండు మూడే పోతే, మోల్డు మళ్ళీ వేడి చేసి ఆ చోట్ల మాత్రం సర్దవచ్చు. అంతకు మించితే మొత్తం తీసేయండి. పొడిగా గీకకుండా, నీళ్ళలో నానబెట్టి స్కాచ్‌బ్రైట్‌తో తోమాలి. మొండిగా ఉన్న చోట వెనిగర్ గుడ్డ కాసేపు కప్పి ఉంచితే వదులుతుంది. రెండోసారి నుంచి ఎమరీ అక్కర్లేదు, మొదటి కాల్పులో పట్టిన బూడిద పొరే చాలు. కొత్త పూత మాత్రం మళ్ళీ ఏడో అంచెలో చెప్పినట్టే, వేడి మీదే.

గాజు లోపలివైపు తెల్లటి పొడి అంటుకుని వస్తే తడి స్పాంజితో పోతుంది. పోకుండా గరగరలాడుతుంటే వేడి ఎక్కువైందని లెక్క, వచ్చేసారి 10 డిగ్రీలు తగ్గించండి. నల్ల చుక్కలు కనిపిస్తే మోల్డు పొలుసు లేస్తోందని అర్థం, ఆ చోట ఎమరీ పట్టి చూడండి. మళ్ళీ వస్తే ఆ గిన్నెను కబాడికి వేసేయండి.